పదకొండు ఓట్ల ఇల్లు

మొన్నటి పార్లమెంటు ఎన్నికలప్పుడు ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి ప్రచారానికి వచ్చినవాళ్లు గేటు దగ్గరే నిలబడి, ఫోన్లలోంచి తలెత్తకుండానే, "తాతా, మీ ఇంట్ల ఎన్ని ఓట్లు?" అని అడిగారు. నాలుగని చెప్పాను. లోపలి నుంచి మా కోడలు, నాలుగూ నాలుగు దిక్కులకు పోతాయని కూడా చెప్పు మామయ్యా అని నవ్వింది, వాళ్లూ నవ్వి, ఏదో నొక్కుకుని పక్కింటికి వెళ్లిపోయారు. వాళ్లకది రోజుకు వందసార్లు అడిగే ప్రశ్న. నాకు మాత్రం ఆ పూట టీ సహించలేదు, ఎందుకంటే ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబుగా పదకొండు అనే అంకె చెప్పుకున్న ఒక ఇంటిని మా ఊరు వెళ్లగొట్టింది, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మా ఊరు ఇబ్రహీంపట్నానికీ కందుకూరుకూ నడుమ, వాగు దాటితే వచ్చేది. నా వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఓటు మనిషికి ఉండేది కాదు, ఇంటికి ఉండేది. ఫలానావాళ్లది ఆరు ఓట్ల ఇల్లు, ఫలానావాళ్లది మూడు ఓట్ల ఇల్లు అని ఊళ్లో అందరికీ నోటిలెక్కే, సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా ఎకరాలతో పాటు ఈ లెక్కా వచ్చేదంటే ఇప్పటివాళ్లు నమ్మరు. ఇంటిపెద్ద ఎటంటే ఇల్లంతా అటు, ఊరిపెద్ద ఎటంటే ఇళ్లన్నీ అటు. ఆ ఊరిపెద్ద మా బాపు, అంటే మా నాయన. నాకు మొదటిసారి ఓటు వచ్చిన ఎన్నికల్లో పోటీకి నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన జీపులో మా వాకిట్లో దిగి, గెలిస్తే వాగు మీద వంతెన కట్టిస్తానంటే, బాపు ఊరందరినీ కూర్చోబెట్టి, ఒక్క ఓటు కూడా బయటికి పోదని మాటిచ్చాడు. వంతెన అవసరం మాకంటే ఎవరికి తెలుసు, వానకాలంలో బస్సు వాగు అవతలే ఆగిపోతే, కాలేజీకి పోయే మేమంతా ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని దాటేవాళ్లం.

మేమంటే పదకొండుమందిమి. ఇరవయ్యొక్కటి నిండితేనే ఓటు ఉన్న రోజులవి, మా అందరికీ అదే మొదటి ఓటు. చదువు కొంచెం తలకెక్కింది, పొగరు అంతకంటే ఎక్కువ ఎక్కింది. ఇబ్రహీంపట్నం బస్టాండులో ఒకరోజు, ఏ పార్టీ లేకుండా నిలబడ్డ ఒక వకీలు, జెండా లేదు, జీపు లేదు, బస్సు దిగి బెంచీ ఎక్కి, మీ ఓటు మీ నాయనది కాదు, మీ ఊరిది కాదు, మీది అని మాట్లాడి మళ్లీ బస్సెక్కి పోయాడు. ఆయన మాకేమీ ఇస్తాననలేదు, బహుశా అందుకే నచ్చాడు. సాయంత్రం వడ్ల మామ కొట్టంలో మొద్దుల మీద కూర్చుని, మన పదకొండు ఓట్లు వకీలుకే అని చేతిలో చేయి వేసుకున్నాం.

వడ్ల మామ మా ఊరి వడ్రంగి. వడ్రంగి పనివాళ్లను మా వైపు వడ్లవాళ్లంటారు. మాకు చుట్టం కాకపోయినా వరుస పెట్టి నేను మామా అంటే ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఊళ్లో ఉన్న ప్రతి నాగలీ, ప్రతి బండీ ఆయన చేతిదే, నేను పుట్టినప్పుడు వేసిన ఉయ్యాల కూడా ఆయన చెక్కిందేనని మా అవ్వ చెప్పేది. ఆయన కొట్టం చల్లగా ఉండేది, కొత్త చెక్క వాసన వచ్చేది, మేము ఎంతసేపు కూర్చున్నా పొమ్మనేవాడు కాదు. తలవంచుకుని బాడిశతో చెక్కుకుంటూ ఉండేవాడు కాబట్టి మా మాటలు ఆయన చెవికెక్కవనుకునేవాళ్లం.

పోలింగు రోజు బడిలో అట్టపెట్టె చాటుకు వెళ్లి, ముద్ర చేతిలోకి తీసుకున్నాను. బయట బాపు కుర్చీ వేసుకుని, వచ్చిపోయేవాళ్లను పలకరిస్తున్నాడు. వకీలు పేరు మీద ముద్ర గుద్ది, కాగితం మడిచి పెట్టెలో వేసి, బాపు ముందు నుంచే ఏమీ ఎరగనట్టు నడిచి వచ్చాను. ఆ ఒక్క పూట నేనెంత గొప్పవాణ్ననుకున్నానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

లెక్కింపుకు బాపు తమ్ముడు, మా చిన్నబాపు, ఏజెంటుగా వెళ్లాడు. అప్పుడు ఏ ఊరి పెట్టెను ఆ ఊరి పెట్టెగా బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టారు కాబట్టి, మా ఊరి నుంచి పదకొండు ఓట్లు వకీలుకు పోయాయన్న సంగతి చిన్నబాపు కంటే ముందే ఊరు చేరింది. జీపు పెద్దమనిషి గెలిచాడు, ఆయనకు మా పదకొండు ఓట్లతో పనే లేకపోయింది. కానీ వంతెన సంగతి అడగడానికి వెళ్లిన బాపుతో ఆయన మనిషి పదిమందిలో, "ఏం పటేలా, నీ మాట పదకొండు తక్కువొచ్చింది గదా!" అన్నాడట. బాపు ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు మా వాకిట్లో పెద్దలు కూర్చుని, వేళ్లు ముడుస్తూ ఇల్లిల్లూ లెక్కపెట్టారు. మూడు ఓట్ల ఇళ్లు, నాలుగు ఓట్ల ఇళ్లు, మాది ఏడు, సర్పంచుది తొమ్మిది. పదకొండు ఓట్ల ఇల్లు ఊరంతటికీ ఒక్కటే, అది వడ్ల మామది. ఆయన, అత్త, ఇద్దరు తమ్ముళ్లు, వాళ్ల భార్యలు, కొడుకులు, కోడళ్లు, ముసలి తల్లి కలిసి సరిగ్గా పదకొండు. పైగా ఊరు మాటిచ్చిన రోజు ఆయన మహేశ్వరంలో బండిచక్రం బాగుచేయడానికి పోయి వాకిట్లో లేడు. ఇంకేం కావాలి? ఒక ఇంటి ఓట్లు చీలిపోతాయనీ, పదకొండు ఇళ్ల నుంచి ఒక్కొక్క ఓటు జారిపోయి ఉంటుందనీ అక్కడున్న ఒక్క బుర్రకూ తోచలేదు. నా కడుపున పుట్టినవాడు నా మాట కాదంటాడా అని ప్రతివాడికీ ధీమా.

మామను పిలిపించారు. ఆయన పని మధ్యలో లేచి, బాడిశ చేతిలో ఉండగానే వచ్చాడు. బాపు అడిగితే, ఆ బాడిశను రెండు చేతులా పట్టుకుని, "దీని మీద ఒట్టు పటేలా. ఊరు యాడుంటే నా ఇల్లు ఆడ్నే. మా ఇంట్ల ఒక్క ఓటు గూడ బైటికి పోలే" అన్నాడు. వడ్లవాడు బాడిశ మీద ఒట్టేశాడంటే దేవుడి మీద వేసినట్టే, అది అందరికీ తెలుసు. అయినా లెక్క కళ్లెదుట సరిపోయాక ఒట్టుకు విలువేముంది? మరెవరు వేశారో నీకు తెలుసా అని చిన్నబాపు గద్దించాడు. మామ మాట్లాడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు గానీ, నేను బాపు కుర్చీ వెనకే నిలబడి భుజం కదపలేదు. నోరు తెరిస్తే బాపు పరువు పోతుందనుకున్నాను. అది సాకు. నిజానికి నాకు భయమేసింది.

తక్కిన పదిమందీ అంతే. ఎవరో ఒకరు చెబుతారులే అని ఒకరి ముఖం ఒకరం చూసుకుని, తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నాం. ఊరు ఆయన్ను తిట్టలేదు, కొట్టలేదు, పని ఇవ్వడం మానేసింది. ఏరువాక వచ్చింది, నాగళ్లన్నీ బండ్లెక్కి ఇబ్రహీంపట్నం పోయి బాగుపడి వచ్చాయి. ఏడాది చూసి, మామ కొట్టం విప్పేసి, పనిముట్లూ ముసలి తల్లినీ బండిలో ఎక్కించుకుని జల్‌పల్లి వైపు బయలుదేరాడు. వాగు దగ్గర నేను కాలేజీ నుంచి వస్తూ ఎదురుపడ్డాను. దాక్కోవడానికి చోటు లేదు. ఆయన బండి ఆపి, "మంచిగ సదువుకో అల్లుడా. ఏం ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఊరు విడిచిపోయే మనిషి నన్ను ఫికర్ చేయవద్దనడమేమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

చదువుకున్నాను. సర్కారు కొలువు దొరికింది, కొలువుతో పాటు ప్రతిసారీ ఎన్నికల డ్యూటీ కూడా. నేను సిరా పూసిన వేళ్లకు లెక్క లేదు. పెట్టెలు పోయి మిషన్లు రావడం చూశాను, మా పార్లమెంటు స్థానం హద్దులు మారడం చూశాను, ఏ ఊరు ఏ స్థానంలో ఉందో ఊరివాళ్లకే తికమక అయిన ఎన్నిక చూశాను. జొన్నచేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు విల్లాలయ్యాయి. నా చివరి డ్యూటీ ఒక విల్లాల కాలనీ క్లబ్బులో, ఈతకొలను పక్కన పడింది. ఏసీ ఉంది, తాగడానికి చల్లటి నీళ్లున్నాయి, లేనిది ఓటర్లే. లోకంలో ఉన్న సౌకర్యాలన్నీ ఉన్న ఆ కాలనీవాళ్లకు వందడుగులు నడిచి రావడం కష్టమైపోయింది. ఒక్కొక్క ఇంటి తలుపు చూస్తూ, ఈ ఇంట్లో ఎన్ని ఓట్లో పక్కింటివాడికైనా తెలుసా అనుకున్నాను. మంచిదే, తెలియకూడదు కూడా. మేమప్పుడు కోరుకున్నది ఇదే కదా అని నాకు నేను చెప్పుకుంటే, సంతోషం మాత్రం రాలేదు.

ప్రచారంవాళ్లు వచ్చిపోయిన వారం తర్వాత ధైర్యం చేసి జల్‌పల్లి వెళ్లాను. అడిగి అడిగి పట్టుకుంటే, మామ పెద్దకొడుకు అక్కడ తలుపుల దుకాణం నడుపుతున్నాడు. మామ పోయి చాలా ఏళ్లయిందట. కోత మిషను రొద మధ్య, ముసలివాణ్నైన నేను ఇంతకాలం గొంతులో పెట్టుకున్నదంతా ఆయన ముందు కక్కేశాను. ఆయన మిషను ఆపి, నన్ను తేరిపార చూసి, "గిన్నేండ్లకు యాదికొచ్చిందా బావా?" అన్నాడు. తర్వాత స్టూలు జరిపి కూర్చోమని, మెల్లగా చెప్పాడు. "మా బాపుకు ముందుగాలనే ఎర్క. మీరు మాట్లాడుకున్నది మా కొట్టంలనే గదా. పేర్లు చెప్పుమని మా అవ్వ ఒకటే మొత్తుకున్నది. చెప్తె పదకొండు ఇండ్లు పగుల్తయ్, చెప్పకుంటె ఒక్క ఇల్లే గదా అన్నడు."

వాగు దగ్గర ఫికర్ చేయవద్దని మామ ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నన్నేం చేయమంటావని అడిగితే, మామ కొడుకు పైసా కోరలేదు, ఒక్క కోపపు మాటా అనలేదు. "ఊళ్లె చెప్పు బావా, మా బాపు అబద్ధమాడలేదని. గంతే" అన్నాడు.

అక్కడి నుంచే ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్లాను. వాగులో నీళ్లు లేవు గానీ దాని మీద నాలుగు వరుసల రోడ్డుతో పెద్ద వంతెన ఉంది. వంతెన దిగగానే ఊరికి బదులు వెంచరు గోడ, దానికొక కమాను. మా వాళ్లంతా ఎప్పుడో అమ్ముకుని ఇబ్రహీంపట్నంలోనూ నగరంలోనూ సర్దుకున్నారు, నేనూ అంతే కదా. ఆ వాకిట్లో కూర్చుని వేళ్లు ముడిచిన పెద్దల్లో ఒక్కరూ బతికి లేరు. మా పదకొండుమందిలో ముగ్గురం మిగిలాం, పెళ్లిళ్లలో కలిస్తే షుగరు గురించి మాట్లాడుకుంటాం. కమాను దగ్గర కాపలాదారు పుస్తకం తెరిచి, ఎవరిని కలవాలని అడిగాడు. నా దగ్గర చెప్పడానికి ఒక్క పేరు కూడా లేదు.

ఒక మనిషి మీద నింద వేయడానికి ఊరంతా ఉంది, ఆ నింద తీసేయడానికి మాత్రం ఊరే లేకుండా పోయింది. నేనే ఆలస్యం చేశాను. అందుకే, ఆ వైపువాళ్లు ఏ మూల ఉన్నా చదువుతారేమోనన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను. వడ్ల మామ ఆ రోజు అబద్ధమాడలేదు. ఆ పదకొండు ఓట్లలో ఒకటి నాది.