పెళ్లిచూపుల తర్వాత దయ్యం సినిమా

దయ్యం సినిమా అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. 1969లో వికారాబాదులో, అమ్మ పక్కన నేల టికెట్‌లో కూర్చుని నా తొలి దయ్యాన్ని చూశాను. తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, చేతిలో దీపంతో పాడుబడ్డ బంగళా అంతా తిరుగుతూ ఒక పాట మొత్తం పాడింది. చరణం అయ్యాక మళ్లీ పల్లవి కూడా ఎత్తుకుంది. ఇంత తీరిక ఉన్న దయ్యం ఎవరినేం చేస్తుందని పకపకా నవ్వాను. చుట్టూ ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని వణుకుతున్నారు. అమ్మ నాకు తొడపాశం పెట్టి, "గిట్ల నవ్వే పిల్లను రేపు ఎవలు చేసుకుంటరే" అంది.

ఆ పాత సినిమాలతో నాకున్న అసలు పేచీ వేరే ఉంది. చివరికొచ్చేసరికి దయ్యం దయ్యం కాదు. ఆస్తి కాజేయాలని ఇంటి మేనేజరు ఆడించిన నాటకం. అంతసేపు జనాన్ని భయపెట్టి, ఆఖరికి ఒక మేనేజరును చేతిలో పెట్టి పంపిస్తే ఒళ్లు మండదా? ఆ తర్వాత వచ్చిన రంగుల దయ్యాలు ఆ విషయంలో నిజాయితీపరులు. దయ్యమని చెప్పి దయ్యాన్నే చూపించారు. కాకపోతే మొహానికి బంకమట్టి మెత్తి, మీద ఆకుపచ్చ లైటు వేసేవారు. దాన్ని చూస్తే భయం సంగతి అటుంచి, వెళ్లి మొహం కడుక్కురా నాయనా అనాలనిపించేది. ఇక ఆ పొగ. వానాకాలంలో మా ఊరి పక్కనున్న అనంతగిరి ఎక్కిన వాళ్లెవరూ సినిమా పొగను నమ్మరు. మా గుట్ట మీద మంచు చెట్ల మధ్య నుంచి మెల్లగా వచ్చి మనిషిని కమ్ముకుంటుంది. సినిమాలోదేమో ఎవరో పచ్చికట్టెలు పొయ్యిలో పెట్టినట్టు నేలలోంచి ఎగదన్నుకొస్తుంది.

ఇన్ని అభిప్రాయాలున్న నాకు, డెబ్భైల చివర్లో తాండూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లది బండల వ్యాపారం. పెళ్లిచూపుల్లో అబ్బాయి చాయ్ ఒలకబోసుకున్నాడు. ఎవరినీ పిలవకుండా తన రుమాలు తీసి, ఒంగి, నేల తానే తుడిచాడు. అంతే, నాకు నచ్చేశాడు. ఈ సంబంధం కుదరకపోతే ఎలాగని ఆ రాత్రి నుంచే బెంగ పట్టుకుంది.

అబ్బాయి తల్లి మాత్రం ఏ మాటా తేల్చలేదు. "ఇంట్ల తల వంచుకొని కూసున్న పిల్లను చూస్తే ఏం తెలుస్తది? ఐతారం తాండూరు తీస్కరాండ్రి, సినిమాకు పోతం" అంది. సరేనని ఆదివారం అమ్మా నేనూ రైలెక్కి వెళ్లాం. తీరా చూస్తే టాకీసులో ఆడుతున్నది దయ్యం సినిమా. అమ్మ తలనొప్పి అని చెప్పి వాళ్లింట్లోనే ఉండిపోతూ నన్ను వాకిట్లోకి లాగి, "నోరు కట్టుకో బిడ్డా. నీ పెండ్లి దీంట్లనే ఉన్నది" అంది.

మధ్యాహ్నం ఆట. ఆడవాళ్ల వైపు బెంచీలన్నీ నిండిపోయాయి. అబ్బాయి తల్లి పక్కన బుద్ధిగా కూర్చుని, ఇంటర్వెల్ దాకా చెంపల లోపలి వైపు కొరుక్కుంటూ నెట్టుకొచ్చాను. ఆ తర్వాత వాన పడిన శ్మశానంలో దయ్యం నడవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఒక నీళ్ల గుంట వచ్చింది. దయ్యం రెండు వేళ్లతో కుచ్చిళ్లు కాస్త పైకెత్తి పట్టుకుని, గుంట దాటి, మళ్లీ వదిలేసింది.

ఇక నా వల్ల కాలేదు. ఎంత గట్టిగా నవ్వానంటే ముందు బెంచీలో ఉన్న బురఖా అవ్వ వెనక్కి తిరిగి, "జర చుప్ కూసో బిడ్డా. మేము భయపడనీకె వచ్చినం" అంది.

భయం భయంగా పక్కకు చూశాను. అబ్బాయి తల్లి తల మీదుగా కొంగు కప్పుకుని, నడుం వంచి, మోకాళ్లలో మొహం దాచుకుని ఉంది. ఆ కొంగులోంచే అడిగింది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"దయ్యం కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని నడుస్తున్నది అత్తమ్మా. చీరకు బురద అంటుతదని ఫికర్ పడుతున్నది."

అత్తమ్మా అనేశానని తెలిసి నాలుక కరుచుకున్నాను. కొంగు మెల్లగా పక్కకు జరిగింది. ఆమె తెర వైపు చూసింది. నవ్వలేదు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నిటారుగా కూర్చుని ఆట అయిపోయేదాకా అలాగే చూసింది. ఇంటికి వస్తున్నంతసేపూ నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. నాకు ఏడుపొచ్చేసింది. ఒక దయ్యం చీర కోసం మంచి మొగుణ్ణి పోగొట్టుకున్నానని దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంట్లోకి రాగానే ఆమె చెప్పులు విడిచి, నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"నీ బిడ్డ సినిమాల నవ్విందమ్మా" అంది. అమ్మ సంజాయిషీ చెప్పబోతే ఆమె చేత్తో ఆపింది.

"పెండ్లయిన కాన్నుంచి దయ్యం సినిమాలు చూస్తున్న నేను. మస్తు ఇష్టం నాకు. గాని ఒక్క దయ్యం మొకం చూడలే, ఒక్కదాని ఆఖరు చూడలే. కొంగు కప్పుకొని పోవుడు, కొంగు కప్పుకొని వచ్చుడు. ఇయ్యాల గీ పిల్ల పక్కన కూసొని ఆఖరు దాంక చూసిన." నన్ను ఎగాదిగా చూసింది. "వచ్చే నెల ఇంకో దయ్యం సినిమా వస్తదంట. గది రాకముందే లగ్గం చేద్దాం."

అబ్బాయి గడప దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. తల వంచుకుని కూర్చోవాలన్న సంగతి మరిచిపోయి, సరే అత్తమ్మా అని నేనే ఒప్పుకున్నాను.