పాస్ పక్కన నక్షత్రం

మా ముత్తాత వెంకటసుబ్బయ్య గారు సముద్రం వారనున్న నాలుగు ఊళ్ళకు మునసబు. తగవు ఎంత పెద్దదైనా కాగితం కింద ఆయన సంతకం పడితే అక్కడితో ఆగేది. తాత రాఘవయ్య గారి కాలంలో మునసబు పదవి పోయింది గానీ మాట చెల్లుతూనే ఉండేది. మా నాన్న నాటికి మాట కూడా పోయి, వ్యాజ్యాలు మిగిలాయి. నాకు దక్కింది ఇంటిపేరు, ఆ పేరుతో పెట్టే సంతకం. దాన్ని నేను నెట్‌వర్క్ పరీక్షల రిపోర్టుల కింద పెడుతుంటాను.

ఆ పనేమిటో చెప్పాలి. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లను కలపడానికి గోడల్లోంచి కేబుళ్ళు లాగుతారు. ఈ సాకెట్ నుంచి ఆ సాకెట్ దాకా ఉన్న కేబుల్‌ను లింక్ అంటాం. రెండు కొసలకూ టెస్టర్ తగిలిస్తే, లింక్ ప్రమాణానికి తూగిందో లేదో కొలిచి పాస్ అనో ఫెయిల్ అనో చూపిస్తుంది. మూడో ఫలితం ఒకటుంది. పాస్ పక్కన చిన్న నక్షత్రం గుర్తు. కొలత హద్దుకు మరీ దగ్గరగా వచ్చింది, ఇంత చిన్న తేడాను ఒట్టేసి చెప్పలేను అని టెస్టర్ ఒప్పుకోవడం అది. బొటాబొటి పాసన్నమాట.

మూడేళ్ళ కిందట, తుపాను వానలు వెలిశాక, నెల్లూరులోని మా కంపెనీ నన్ను తోటపల్లి గూడూరు దగ్గర రొయ్య పిల్లల్ని పుట్టించే ఒక హేచరీకి పంపింది. యజమాని ప్రభాకర్ గారు. తల్లి రొయ్యల తొట్లలో ఆక్సిజన్ తగ్గితే ఆఫీసులో అలారం మోగాలి. దానికోసమే కొత్త కేబుళ్ళు. తల్లి రొయ్యలు పోతే ఆ సీజను పోయినట్టే కాబట్టి, నక్షత్రం వచ్చిన లింకును పాసుగా తీసుకోరాదని ఒప్పందంలోనే ఉంది. అది రాసింది ఆయన పెట్టుకున్న కన్సల్టెంటు. ప్రభాకర్ గారు దాన్ని చదవలేదు.

రెండు లింకులకు నక్షత్రం వచ్చింది. కేబుల్ లోపల తీగలు జంటలు జంటలుగా మెలితిరిగి ఉంటాయి. సాకెట్లో బిగించేటప్పుడు ఆ మెలికలు అతిగా విప్పితే, ఒక జంటలోని సంకేతం పక్క జంటలోకి కారుతుంది. దీన్ని క్రాస్‌టాక్ అంటాం. కొసలు కత్తిరించి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. ఆ మాట చెబుదామని రిపోర్టు పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఆయన కాగితం తిప్పి తిప్పి చూశారు.

"రెండిటికే ఇచ్చినావేంది అబ్బయ్యా స్టారు? మిగతావి ఏం పాపం చేసినాయి?"

అది మెప్పు కాదు, అనుమానం అన్నాను. ఆయన గోడ మీది ఏసీని చూపించారు. దాని మీద అయిదు స్టార్లున్నాయి. ఎన్ని ఉంటే అంత మేలని షాపువాడు చెబితే కొన్నారట, నేనొచ్చి తిరగేసి చెబుతున్నానట. తెల్లకాగితం మీద గీత గీసి, హద్దు ఇక్కడ, మన కొలత ఇక్కడ అని చూపించాను. ఓపిగ్గా విన్నారు. విని, తొట్లు చూసుకునే సుశీలమ్మను పిలిచి, తల్లి రొయ్యల సెన్సార్లను ఆ రెండు స్టారు లింకులకే మార్చమన్నారు. మంచివి మంచివాటికే పోవాలి కదా.

ఆమె గడప దాటాక, అవి నిజంగానే మేలురకమా అని నన్నడిగింది. కాదన్నాను. "ఆయనకు ఎవురు చెప్పాల సార్" అని వెళ్ళి మార్చేసింది.

మరోసారి లోపలికి వెళ్ళాను.

"ఆ రెండూ మళ్ళీ బిగిస్తానండీ. టీ తాగేలోపు అయిపోతుంది."

"బిగిస్తే స్టారు ఉంటాదా?"

"ఉండదు. ఉత్త పాసే వస్తుంది."

"అయితే చెయ్యి పెట్టబాక."

పైగా మిగిలినవాటికీ స్టార్లు కావాలని మా మేనేజరుకు ఫోన్ చేశారు. ప్రభాకర్ గారికి తెలియదు, సరే. మేనేజరుకు తెలుసు. తెలిసే, నాకు ఫోన్ చేసి, కస్టమరు సంతోషంగా ఉన్నాడు, సెన్సారు పంపే నాలుగు అంకెలకు ఆ లింకు చాలు, సంతకం పెట్టి వచ్చెయ్ అన్నాడు. చాలుతుందన్నది అబద్ధం కాదు. అయితే ఆ ఉప్పుగాలి ముట్టుకుంటే రాగి చిలుము పట్టి పచ్చబడుతుంది. హద్దు మీద నిలబడ్డ లింకుకు ఇక జారడానికి చోటుండదు. మళ్ళీ బిగించనిస్తే పాస్ రాస్తాను, లేకుంటే ఒప్పందం ప్రకారం ఫెయిల్ రాస్తానన్నాను.

"నువ్వేమన్నా మునసబువా?" అన్నాడు. మా ఇంటి సంగతి అతనికి తెలియదు, మాటవరసకు అన్నాడు.

"కాదు. అయినా పెట్టను."

ఆ రెండింటికీ ఫెయిల్ రాసి వచ్చేశాను. మర్నాడు కంపెనీ నా చేతిలోని టెస్టర్ తీసుకుని ఇంకొకరికి ఇచ్చింది. అతను వెళ్ళి సంతకం పెట్టాడు. స్టార్లున్న ఆ కాగితానికి ప్రభాకర్ గారు అద్దం కట్టించి ఆఫీసులో వేలాడదీశారని విన్నాను. కంపెనీ నన్ను మళ్ళీ ఏ పనికీ పిలవలేదు.

ఏడాది తిరిగాక కావలి బస్టాండులో ఆయనే పలకరించారు. అలారం ఒక్కసారి కూడా తప్పలేదట. "నీ ఫెయిలు బ్రహ్మాండంగా పనిచేస్తా ఉండాది అబ్బయ్యా" అన్నారు, ప్రేమగానే. నాకు ఒళ్ళు మండింది. ఇవాళ పనిచేస్తోందా అని అడిగేవాడికి, రేపటికి ఎంత పూచీ పడగలవో కొలిచేవాడు ఏం చెప్పినా ఎక్కదు.

నేను నేర్చుకున్నది ఒక్కటి. పరాయివాడి టెస్టర్‌తో కొలిచినంతకాలం కింద పెట్టే సంతకం కూడా పరాయివాడిదే. అందుకని లక్షల ఖరీదైన టెస్టర్ ఒకటి సొంతంగా కొనుక్కున్నాను. మైపాడు దారిలో మాకు మిగిలిన సరుగుడు తోట అమ్మి కొన్నాను.