సోమాచారి ఊదుగొట్టం

సోమాచారికి భయం కొత్త కాదు. మోతీనగర్‌లో బస్సెక్కితే ఇంట్లో స్టవ్ ఆర్పానా అని, ఫిల్మ్ నగర్‌లో దిగితే గొడుగు బస్సులో మరిచానా అని. "నీకు ఫికర్ లేని దినం నాకు ఫికరైతది" అంటుంది భార్య రాజమ్మ. కానీ ఆ వేసవిలో పట్టుకున్న భయం అలాంటిది కాదు. ఈసారి బతుకుతెరువు మీదికే వచ్చింది.

వాళ్లది తాతల నాటి నుంచీ బంగారు నగలు చేసే ఔసలి పని. రెడీమేడ్ నగల షోరూములు వచ్చి ఇంట్లో కుంపటి చల్లారాక, స్టూడియోలో ఆర్ట్ డైరెక్టర్ శ్రీకృష్ణ దగ్గర చేరాడు. సినిమాలకు బుల్లి రైళ్లూ, బుల్లి మేడలూ చేశాడు. నాలుగు మెతుకులు దొరుకుతున్నాయి కదా అనుకునేలోపు, మాదాపూర్‌లో కంప్యూటర్ మీదే ఓడలు ముంచేవాళ్లు వెలిశారు.

"చారిగారూ, ఈ ఓడ డైరెక్టర్‌గారికి నచ్చకపోతే తుపాను సీను మొత్తం కంప్యూటర్‌వాళ్లకి ఇచ్చేస్తారంటండీ. ఆ తర్వాత మన షెడ్డు ఎందుకుంచుతారు చెప్పండి?" అన్నాడు శ్రీకృష్ణ.

ఆ బుల్లి ఓడ బొంబాయి నుంచి విడిభాగాలుగా తెప్పించిన ప్లాస్టిక్ కిట్టు. దాని నిచ్చెనలూ, అంచు కటకటాలూ మాత్రం ఉల్లిపొరంత పల్చని ఇత్తడి రేకులో ఉంటాయి. ఒక్కొక్కటీ బ్లేడుతో కోసి, రేకు మీద ముందే ఉన్న సన్నని గాడి దగ్గర చిమటాతో, అదే సన్నమూతి పట్టకారుతో, మడవాలి. ఒక్కసారే మడవాలి. తప్పు మడిచి మళ్లీ విప్పితే పుటుక్కుమంటుంది. ఉన్నది ఒకటే రేకు. ఫ్యాను వేస్తే ముక్కలు ఎగిరిపోతాయని, ఆ ఎండల్లో ఫ్యాను కట్టేసి, చొక్కా తడిసి ముద్దవుతుంటే ఊపిరి బిగబట్టి మడిచాడు. తుమ్ము వస్తే బయటికి పరిగెత్తాడు.

అన్నీ చక్కగా నిలబడ్డాయి. ఓడ ముక్కు దగ్గరి కటకటా ఒక్కటే మిగిలింది. దాన్ని మడవడం కాదు, గుండ్రంగా వంచాలి. వంచడం అనగానే సోమాచారి చెయ్యి అతన్ని అడక్కుండానే ఊదుగొట్టం అందుకుంది. బంగారమైతే ముందు కాల్చి మెత్తబెట్టి వంచుతారు మరి! దీపం మంట మీదుగా ఒక్క ఊదు ఊదాడు. కటకటా నల్లబడింది. ఒక కమ్మీ కరిగి మాయమైంది, ఒక పక్క వాలిపోయింది.

"నా చేతులిరగ!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఇంకో రేకు లేదు. బయట డైరెక్టర్ కారు హారన్ వినబడింది. ఖాళీగా ఉండేదానికన్నా నయమని ఆ కాలినదాన్నే ఓడకు అతికించి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.

డైరెక్టర్ ఇటు వస్తే ఇటు, అటు వెళితే అటు జరుగుతున్నాడు. చివరికి ఆయనకే విసుగొచ్చింది.

"కొంచెం తప్పుకోండి. ఏంటది?"

"కాలిపోయింది సార్. నాదే తప్పు. బంగారం పని అలవాటు..." రాజమ్మకు ఏం చెప్పాలో అప్పుడే వెతుక్కుంటున్నాడు.

డైరెక్టర్ వంగి చాలాసేపు చూశాడు. "పిడుగు పడిన ఓడంటే ఇదీ! మిగతావన్నీ పెళ్లికొడుకుల్లా తయారై నిలబడ్డాయి. అన్నీ ఇలాగే చేసేయండి, షాటు మీ ఓడతోనే తీస్తాను" అని వెళ్లిపోయాడు.

"బతికించారు చారిగారూ!" అని శ్రీకృష్ణ అతన్ని వాటేసుకున్నాడు.

సోమాచారి కూర్చున్నాడు. దీపం దగ్గరికి లాక్కుని, చక్కగా మడిచిన మొదటి నిచ్చెనను ఓడ మీంచి ఊడదీసి చిమటాతో పట్టుకున్నాడు. ఊదుగొట్టం పెదాలకు ఆనించాడు. ఊపిరి రాలేదు. కొంచెం ఎక్కువైతే మొత్తం కరిగిపోతుంది, తక్కువైతే కొత్తగానే ఉండిపోతుంది. ఇందాక ఎంత ఊదాడు?

"ఊదండి, చారిగారూ" అన్నాడు శ్రీకృష్ణ.

"జర ఆగుండ్రి సార్" అన్నాడు సోమాచారి. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "ఎట్ల ఖరాబ్ చేసిన్నో యాదికొస్తలేదు."