మురుగు చెరువు ఉల్లంకి

నెట్టీ బోయ్‌చుక్ ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. కెనడాలోని సస్కాచెవాన్ మైదానాల్లో మంచు కురిసినన్నాళ్ళూ ఆ బస్సు వేళకే చేరేది. మంచు కరిగి, దక్షిణం నుంచి పిట్టలు తిరిగొచ్చాయంటే ఇక దాని రాకకు నమ్మకం ఉండేది కాదు. ఆలస్యానికి కారణం రాయమని బడివాళ్ళు కాగితమిస్తే "డేగ" అని రాసేది. మర్నాడు "మళ్ళీ డేగ".

సెలవురోజుల్లో ఆమె మకాం ఊరి చివరి మురుగు చెరువు. ఊళ్ళోని పాయిఖానాలన్నీ అందులోకే పోతాయి. అక్కడి పురుగుల కోసం ధ్రువప్రాంతం నుంచి దిగివచ్చే పిట్టలు వారాల తరబడి విడిది చేస్తాయి.

"ఇన్ని సరస్సులుండగా ఊరి జనం కడుక్కున్న నీళ్ళే దొరికాయా నీకు?" అనేవాడు భర్త వాల్టర్.

"పిట్టలకు లేని రోత నీకెందుకయ్యా?" అనేది నెట్టీ.

ఒక సెప్టెంబరులో ఆ ఒడ్డున ఆమెకు బురదలో పురుగులేరుకుంటూ ఒంటరిగా ఒక ఉల్లంకి పిట్ట కనిపించింది. ఎర్రటోపీ పెట్టినట్టు తల, పసుపు కలిసిన రొమ్ము. సైబీరియా నుంచి దారి తప్పి వచ్చిన జాతి అది. ఆ రాష్ట్రంలో అంతకుముందెవరూ చూసినట్టు దాఖలా లేదు. నెట్టీ నాలుగు పేజీల వర్ణన రాసి, అరుదైన పిట్టల కమిటీకి పంపింది. ఐదుగురూ ఔనంటేనే అక్కడ ఏ పిట్టయినా లెక్కలోకి వస్తుంది. కమిటీ పెద్ద లాయల్ ఫ్రీసెన్, పళ్ళ డాక్టరుగా రిటైరైన మనిషి, రెండు ముక్కల్లో జవాబిచ్చాడు: "ఆధారం చాలదు. మామూలు ఉల్లంకే అయ్యుంటుంది."

నెట్టీకి అది వంశాన్ని తిట్టినట్టనిపించింది. పంతొమ్మిదేళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ అతన్ని వదల్లేదు. పిట్టల సంఘం విందుల్లో అందరి ముందే అనేది:

"పళ్ళు పీకేవాడికి పిట్ట రొమ్ము గురించేం తెలుసు?"

"పీకేముందు అది ఏ పన్నో నేను చూసుకునేవాణ్ణి నెట్టీ," అనేవాడు ఫ్రీసెన్.

చివరికి కమిటీలో ఒక చోటు ఖాళీ అయింది. లోపల కూర్చోబెడితే ఉత్తరాలు రాయడమైనా మానుతుందని ఫ్రీసెనే ఆమె పేరు చెప్పాడు.

చర్చి నేలమాళిగలో మొదటి సమావేశం. కాఫీ చల్లారాక ఫ్రీసెన్ జేబులోంచి ఒక ఫొటో బయటికి తీశాడు. చెరువు గట్లు కోసుకుపోతున్నాయని ఆ రోజుల్లో మునిసిపాలిటీ మనిషి ఒకడు తీసిన ఫొటో అది. అతను పోయాక భార్య పెట్టెలు సర్దుతుంటే దొరికింది. వెనక, నెట్టీ ఆ పిట్టను చూసిన రోజు తేదీ ఉంది. మూలన నెట్టీ పసుపు బస్సు ఉంది. ముందు, బురదలో, ఆ పిట్ట ఉంది.

నలుగురూ చూశారు. ఎర్రటోపీ ఉన్నట్టే ఉందన్నారు. నలుగురూ ఔనన్నారు. ఇన్నేళ్ళ పోరు ఇవాళ్టితో తీరిపోతుందన్న ఆనందం వాళ్ళ ముఖాల్లో దాగలేదు.

"నీదొక్కటే మిగిలింది," అన్నాడు ఫ్రీసెన్.

నెట్టీ భూతద్దం పెట్టి చూసింది. రొమ్ము మీది గీతలు కత్తెరతో కత్తిరించినట్టు ఒక్కచోట ఆగిపోయాయి. మామూలు ఉల్లంకికే అలా ఉంటుంది. ఆమె చెవులు వేడెక్కాయి. తల ఊపితే చాలు. అడిగేవాడు లేడు.

"మీ కళ్ళు కూడా ఈయనే పీకేశాడా?" అంది. "ఇది మామూలుది."

"ఇది నీ పిట్ట నెట్టీ."

"నాదైతే గాడిద గుర్రమవుతుందా?"

"పంతొమ్మిదేళ్ళు నన్ను తిట్టావు కదమ్మా."

"నువ్వు చూడకుండా వద్దన్నావు. నేను చూసి వద్దంటున్నాను. ఆ తేడా తెలీకే కదా నిన్ను తిట్టింది."

ఇంటికొచ్చాక వాల్టర్ అడిగాడు, ఒప్పుకున్నారా అని.

"నలుగురు ఒప్పుకున్నారు. ఒక మొండిఘటం అడ్డుపడింది."

"ఎవడు వాడు?"

"నేనే."

వాల్టర్ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడ్డాడు. మూడు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. పొరబడ్డందుకు కాదు ఆమె బాధ. కళ్ళు మూసుకుంటే ఇన్నేళ్ళూ కనిపించిన ఆ ఎర్రటి తల, ఇప్పుడు ఎంత తలుచుకున్నా వెలిసిపోయిన గోధుమరంగులోనే కనిపిస్తోంది.

ఆమె కమిటీలో ఎనిమిదేళ్ళుంది. ఆ నాలుగు పేజీలను, ఫొటోను కలిపి కుట్టించి, కొత్తగా పిట్టలు చూడ్డం మొదలెట్టినవాళ్ళకు ఏటా చెరువు గట్టునే చూపించేది. ఒకసారి ఒకావిడ ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని అడిగింది:

"ఇంత బాగా ఎవరు రాశారండీ?"

"ఓ బస్సు డ్రైవరు. కళ్ళు మంచివే, ఆశే కాస్త ఎక్కువ," అంది నెట్టీ. "ఇక నోళ్ళు మూయండి. అవతలి ఒడ్డున ఏవో దిగుతున్నాయి."