వేపమండలు ఉన్నన్నాళ్ళు

కావలిలో నేను బి.ఎస్సీ. చదివే రోజుల్లో మాకు శరీరం పాఠం చెప్పిన లెక్చరర్‌కు కోటలంటే మోజు. చర్మం ఆయనకు కోటగోడ. ముక్కులో వెంట్రుకలు, నోట్లో ఉమ్మి, కడుపులో ఆమ్లం, అందరూ కాపలావాళ్ళే. గోడ దూకి లోపలికొచ్చిన క్రిమిని తెల్లకణాలు చుట్టుముట్టి మింగేస్తాయని చెప్పేటప్పుడు ఆయనే రెండు చేతులూ చాపి ముందు బెంచీ మీదికి వచ్చేవాడు. ఆ బెంచీలో కూర్చున్నవాళ్ళకు పాఠం ఇప్పటికీ గుర్తుండి ఉంటుంది. జ్వరం జబ్బు కాదు, శత్రువును కాల్చడానికి ఒళ్ళు రాజేసుకున్న పొయ్యి అనేవాడు. ఒకసారి వచ్చిపోయిన శత్రువు ముఖాన్ని రక్తం మరిచిపోదనీ అనేవాడు. పరీక్షలో ఇదంతా రాసి పాసయ్యాను. ఇంట్లో పనికొస్తుందని అనుకోలేదు. పనికి రాలేదు కూడా.

మా ఊరు ఇందుకూరుపేటకు అవతల, గాలి తిరిగితే సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉంది. వరి పండించుకునే ఇల్లు మాది. నాయన పోయాక పెత్తనం అమ్మది, పొలం అన్నది, మిగిలిందంతా వదినది. మిగిలింది ఎంతో అమ్మ చెప్పలేదు, వదిన అడగలేదు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా వదినకు పిల్లలు కలగలేదు. అందుకని ఆమె చెల్లెల్నే అన్నకు రెండో పెళ్ళాంగా తేవాలని అమ్మ నిర్ణయించింది. ఒక మగవాడికి ఇద్దరు భార్యలు కూడదని ఢిల్లీలో చట్టం అప్పటికే వచ్చింది. మా ఊరికి ఇంకా బస్సే రాలేదు.

"బయటిదాన్ని తెస్తే కొట్లాటలు. సొంత చెల్లెలైతే దీని మాట అది ఇంటాది, దాని బిడ్డను ఇది ఎత్తుకుంటాది," అనేది అమ్మ, వదిన అన్నం వడ్డిస్తుండగానే. "ఏమ్మే, నే చెప్పేది తప్పా?"

"పులుసు ఎయ్యమంటావా అత్తా?" అనేది వదిన.

వదిన తండ్రి మొదట ఒప్పుకోలేదు. అయితే పెద్దదాన్ని కూడా పుట్టింటికి పంపించేస్తామని కబురు పెట్టాక ఒప్పుకున్నాడు. అన్నను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, అమ్మను అడగమనేవాడు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మశూచి టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. చేతి మీద మందు చుక్క వేసి, పళ్ళున్న బిళ్ళలాంటిది దాని మీద ఆనించి గిరుక్కున తిప్పేవాళ్ళు. మా ఊళ్ళో ఒక్కరూ వద్దనలేదు. సర్కారు మనిషికి ఎదురు చెప్పడం మర్యాద కాదు. వరసగా నిలబడి, చేతులు చాపి, టీకా వేయించుకుని, ఇంటికి పోయి, ముందే కలిపి పెట్టుకున్న పేడనీళ్ళతో శుభ్రంగా కడిగేసుకున్నారు. మశూచి అంటే అమ్మవారు. ఆ తల్లి తనంతట తాను రావాలిగానీ, సర్కారు ఆమెను పట్టుకొచ్చి చేతిలో ఎక్కించడం అపచారమని నమ్మకం. వదిన చేతిని అమ్మే దగ్గరుండి రుద్దింది. తోలు లేచేదాకా రుద్దింది. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.

నాది మాత్రం హాస్టల్లో వేసిన టీకా. అక్కడ పేడ దొరకలేదు.

నేను సెలవులకు ఇంటికొచ్చిన కొద్ది రోజులకే వదినకు జ్వరం తగిలింది. నడుం విరిగిపోతున్నదంటే, నూర్పిళ్ళు ఎగ్గొట్టడానికి నడుమే దొరికిందా అన్నది అమ్మ. తర్వాత ఒక ఉదయం వదిన ముఖం నిండా, ముంజేతుల నిండా పొక్కులు తేలాయి. అమ్మ చేతిలోని చీపురు జారవిడిచి, వదిన పడుకున్న చాప ముందు నేల మీద సాగిలపడింది.

"వచ్చినావా తల్లీ! మా ఇంటికి వచ్చినావా! తప్పులుంటే కాయమ్మా!"

నిన్నటిదాకా "ఏమ్మే" అయిన మనిషి ఒక్క పొద్దులో "తల్లీ" అయింది. పెద్దమ్మవారు పోసిందంటే ఆ ఒంట్లో ఉన్నది ఆ మనిషి కాదు, అమ్మవారే. గుమ్మానికి వేపమండలు కట్టారు. అవి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తాలింపు వేయకూడదు, తల దువ్వకూడదు, మొగుడూ పెళ్ళాలు ఒకచోట ఉండకూడదు. మందు ఇస్తే తల్లికి కోపం. తల్లి ఏది అడిగినా కాదనకూడదు. అన్న తన పక్క తీసుకుని కొట్టంలోకి, ఎద్దుల దగ్గరికి మకాం మార్చాడు. ఎద్దులు అభ్యంతరం చెప్పలేదు. అమ్మకు చిన్నప్పుడే పోసిపోయింది గనక ఆమెకు భయం లేదు. నాకు టీకా ఉంది గనక, అది పనిచేస్తుందో లేదో చూసుకునే అవకాశం నాకు ఇచ్చారు. వదిన పక్కన కూర్చుని వేపమండతో విసరడం నా ఉద్యోగం.

పొక్కులు బయటపడగానే జ్వరం కాస్త దిగుతుంది. ఆ జబ్బు పద్ధతే అంత. కొంచెం ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్ళీ మీద పడుతుంది. ఆ తెరిపిలో వదిన కళ్ళు తెరిచి, కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ అత్తగారిని చూసింది. చాలాసేపు చూసింది.

"ఏం కావాల తల్లీ?" అంది అమ్మ.

"కొబ్బరినీళ్ళు."

కొబ్బరినీళ్ళు వచ్చాయి.

"అంట్లు తోమేది ఎవురు?"

"నేను తోముతా గదమ్మా. నువ్వు చల్లంగుండు."

అమ్మ పెరట్లో కూర్చుని అంట్లు తోమింది. నేను పుట్టాక అలాంటిది చూడటం అదే మొదలు.

మర్నాడు వదిన అన్నను పిలవమంది. అన్న వచ్చి గుమ్మం బయట, దూరంగా నిలబడ్డాడు.

"నా చెల్లెల్ని ఈ ఇంటికి తేగూడదు," అంది వదిన. గొంతు బొంగురుపోయింది గానీ మాట తడబడలేదు. "ఈ గడప దాటి ఇంకొక ఆడది రాగూడదు. ఇద్దురూ మాటియ్యండి."

అమ్మ లెంపలు వేసుకుంది. కొబ్బరికాయ కొట్టింది. పసుపునీళ్ళు చేతిలో పోసుకుని, "తేము తల్లీ, నీ మీదొట్టు," అంది. గుమ్మం వైపు తిరిగి, "ఒరే, మూగోడి మాదిరి నిలబడినావేంది? చెప్పరా!" అని కేక వేసింది.

"తేము," అన్నాడు అన్న.

వదిన కళ్ళు మూసుకుంది. ఆ సమయానికి ఆమె మణికట్టు నా చేతిలో ఉంది. ఒంట్లో సెగ లేదు. నాడి నా నాడికంటే నెమ్మదిగా కొట్టుకుంటోంది. అడిగింది అమ్మవారు కాదని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. అమ్మవారు అడిగినా అంతకంటే న్యాయంగా అడిగి ఉండేది కాదనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత అసలు యుద్ధం మొదలైంది. పుస్తకంలో ఈ బొమ్మ చాలా శుభ్రంగా ఉండేది. తెల్లకణాలు గుండ్రంగా, ఒద్దికగా, పేర్లు రాసిన గీతలతో సహా ఉండేవి. ఇక్కడ కోటగోడ మొత్తం ఉబికి చీము పట్టింది. అరచేతుల్లో, అరికాళ్ళలో, నాలుక మీద కూడా పొక్కులే. గుక్కెడు నీళ్ళు మింగాలంటే ముందుగా వదిన కాళ్ళు బిగబట్టుకునేది. కింద పరిచిన అరిటాకు చీముకు అంటుకుపోయేది. పక్కకు తిప్పినప్పుడల్లా గోడ కొంత ఆకుకే ఉండిపోయేది. మళ్ళీ రాజుకున్న పొయ్యి శత్రువుతోపాటు ఇంటిని కూడా కాల్చింది. తన సైన్యం గెలుస్తోందో ఓడుతోందో ఆ ఒంటికి తెలిసే దారి లేదు. చూస్తున్న నాకూ తెలియలేదు. అమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని పాటలు పాడింది. గొంతు మంచిది కాదు.

మొత్తానికి వదిన ఒళ్ళు గెలిచింది. ఎడమ కంట్లో పువ్వు పడి చూపు పోయింది. చెక్కులు రాలాక ముఖం చూస్తే, చినుకులు పడి ఆరిన ఇసుకలా ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క అద్దాన్నీ అన్న తీసుకుపోయి కొట్టంలో దాచాడు. ఆయన వదినకు చేసిన ఉపకారాల్లో నాకు తెలిసి అదొక్కటే.

వదినకు తలకు నీళ్ళు పోసిన రోజున ఊరి అమ్మవారి పూజారి వచ్చాడు. గుమ్మానికి కట్టిన వేపమండలు విప్పి, పసుపునీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఊరి పొలిమేర దాకా నడిచి తల్లిని సాగనంపాడు. మేమంతా వెంట వెళ్ళి దండం పెట్టి వచ్చాం. అమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి వదినను చూసింది.

"మేయ్, కూర్చునేవుండావా? పెరట్లో అంట్లు కొండంత పడుండాయి."

పెళ్ళి మాట మళ్ళీ ఎత్తడానికి అమ్మ అట్టే రోజులు ఆగలేదు. నేను ఉండబట్టలేకపోయాను.

"మాటిచ్చినావు గదమ్మా?"

"ఇచ్చినా. ఎవురికిచ్చినా? తల్లికిచ్చినా. ఈమెకా?"

"అడిగిన నోరు ఈమెదే గదా?"

"నోరు ఈమెదే. మాట తల్లిది. నువ్వు చదివిన కాలేజీలో ఇంతమాత్రం చెప్పలేదా?" అని, కాస్త మెత్తబడి అంది. "నాకూ పోసినాది చిన్నప్పుడు. నేనేం అడిగినానో తెలుసా? బెల్లంముక్క. పెట్టినారు. నోరు మూసుకున్నా. ఈమె కాపరాన్నే అడిగె!"

అంటే అడిగింది ఎవరో అమ్మకూ అనుమానం ఉందన్నమాట. అయినా ఒట్టు ఒట్టే గనక పూజారిని పిలిపించి అడిగింది. ఆయన పొగాకు నములుతూ చాలాసేపు ఆలోచించాడు.

"తల్లి ఇంట్లో ఉండేవరకే తల్లి మాటమ్మా. పొలిమేర దాటించినాం. మళ్ళీ పిలిచి అడగాలంటే జాతర చెయ్యాల, యాటను కొయ్యాల."

"అంత దూరం ఎందుకులే. ఆయమ్మకు కోపం రాకుండా ఏదైనా చెప్పు."

"అయితే ఒక కోడి."

ఒక కోడితో సరిపోయింది. నేనూ తిన్నాను. ముదురు కోడి.

వదిన తండ్రి వచ్చి, కూతురి ముఖం చూసి, అరుగు మీద తలవంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల ఎత్తి, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామని అడిగాడు. ఆ ముఖాన్ని పుట్టింటికి తీసుకుపోవలసి వస్తుందేమోనని ఆయన భయం. అమ్మ వెళ్ళి పెళ్ళికూతుర్ని చూసి వచ్చింది. రవికె చెయ్యి పైకి లాగి మరీ చూసిందట. బళ్ళో టీకాలు వేశారట, ఎవరూ కడగలేదట. "రెండు మచ్చలుండాయి. మొకానికి భయం లేదు," అంది తృప్తిగా. సైన్సు మా ఇంట్లో అడుగుపెట్టింది ఆ రోజే.

పెళ్ళికి ముందు ఒక మధ్యాహ్నం వదిన పంచలో కూర్చుని పెళ్ళిబియ్యం చెరుగుతోంది. నేను పక్కన చతికిలబడ్డాను. ఆమెకు ఏదైనా ఒక మంచిమాట చెప్పాలనిపించింది. నాకు తెలిసిన మంచిమాట ఒక్కటే.

"వదినా, ఒకటి మాత్రం నిజం. ఈ జబ్బు నీకు మళ్ళీ రాదు."

"ఎవురు చెప్పినారు?"

"పుస్తకాల్లో ఉంది. ఒకసారి వచ్చిన పురుగును నెత్తురు గుర్తు పెట్టుకుంటుంది. మళ్ళీ వస్తే గుమ్మంలోనే చంపేస్తుంది."

చేట ఆగింది.

"ఊరందరికీ పోసినా నాకు రాదా?"

"రాదు."

"ఎన్నేళ్ళకైనా?"

"ఎన్నేళ్ళకైనా రాదు."

"నేను రమ్మని మొక్కుకున్నా?"

"మొక్కుకున్నా రాదు వదినా."

వదిన బాగున్న కంటితో నన్ను చూసింది. మళ్ళీ చేట అందుకుంది.

"అయితే ఇంక ఈ ఇంట్లో నా మాట ఎప్పుడికీ ఎవురూ ఇనరు అబ్బయ్యా," అంది. "పక్కకు జరుగు, పొట్టు కళ్ళల్లో పడతాది."