కొంగు ఆఖర్న

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను కొన్నవాడు దాన్ని అందరికీ కనబడేలా చొక్కా జేబులో పెట్టుకు తిరిగే కాలంలో, కవిత్వం గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా కొత్తగా చేరాను. ఆదివారం సాయంత్రాలు ఒక చీరల దుకాణం మేడ మీది గదిలో కొందరం చేరి ఒక్కో కవితను విప్పి మాట్లాడుకునేవాళ్లం. పద్యాలు నోటికొచ్చిన పెద్దలూ వచ్చేవారు, కవిత అంటే పరీక్షలో ప్రశ్న అనుకునే కొత్తవాళ్లూ వచ్చేవారు. వివరించే పని నాది. (ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను.)

గది ఊరికే ఇచ్చిన షావుకారు ఒక ఆదివారం తానూ వచ్చి కూర్చున్నాడు. నేను కవితంతా గడగడా చదివేసి, సారాంశం చెప్పేసి, ఆపైన 'అంతర్లీన వేదన', 'ప్రతీకాత్మకత' అంటూ అందుకున్నాను. వెనక నుంచి గురక. లేచాక ఆయనేమీ మొహమాటపడలేదు.

"టీచరమ్మా, దవాఖాన గోలీలకు గూడ నాకింత నిద్ర పట్టలే. కింద చీరల మూటలు పెట్ట జాగ లేదు. వచ్చే ఐతారం నన్ను నిద్ర పోకుండ కూసోబెడితే గది మీకే. లేకుంటె మూటలకు."

"సరే కాకా," అన్నాను గొప్పగా. ఎంత మాటకు ఒప్పుకున్నానో మెట్లు దిగాక గానీ తెలిసిరాలేదు. ఆ గది పోతే ఊళ్లో మాకు మరో చోటు లేదు. ఆ ఒక్క సాయంత్రం కోసమే నేను వారమంతా ఆ బడిని భరిస్తున్నాను.

శనివారం పరేషాన్‌గా దుకాణంలో నిలబడ్డాను. షావుకారు పెళ్లివారికి చీర చూపిస్తున్నాడు. ముందు కాస్త అంచు. తర్వాత ఒక్క మడత. "కొంగేదీ?" అని పెళ్లికూతురి మేనత్త మెడ చాచితే, "జర ఆగమ్మా, వస్తది," అంటూ ఇంకో మడత. కొంగు పరిచేసరికి చీర అమ్ముడుపోనే పోయింది. నా తలకాయ! నేనేమో ఇన్నాళ్లూ కొంగు ముందే పరిచేసి, ఆ తర్వాత నేత మీద ఉపన్యాసం ఇస్తున్నాను.

ఆదివారం మా బృందంలోని నర్సక్క రాసిన కవిత తీసుకున్నాను. నాలుగే పాదాలు. మొదటిది చదివి ఆగాను. "ఇంటికి తాళమేసి వలసపోయినం." ఎందుకు పోయినట్టు అని అడిగితే, "వానల్లేక," అంది కొత్తగా వచ్చినామె, అడగడమే ఆలస్యమన్నట్టు. రెండోది, "తాళంచెవి పక్కింటామెకిచ్చినం." పెద్దలు నమ్మకం గురించి మాట్లాడారు. షావుకారు నిటారుగా కూర్చున్నాడు. "వచ్చి చూస్తే," అని చదివి, తీరిగ్గా నీళ్లు తాగాను.

"ఏమైంది? సామాన్లెత్తుకపోయిందా ఆమె?"

"జర ఆగు కాకా, వస్తది."

"ఏంది ఆగేది, చెప్పరాదు."

"పక్కింటికీ తాళం," అని చదివాను.

షావుకారు కండువాతో కళ్లొత్తుకున్నాడు. "ఆమె గూడ పోయిందా," అన్నాడు మెల్లగా. "మళ్ల మొదటి నుంచి చదువు." ఇప్పుడా తాళంచెవి ఏ ఊళ్లో ఉన్నట్టని కొత్తవాళ్లూ పెద్దలూ ఒకేసారి అందుకున్నారు. మూటల ఊసు మళ్లీ రాలేదు. గద్వాల కోట గెలిచినంత దర్జాగా మెట్లు దిగాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన ముందు వరుసలోనే.

ఇప్పుడు సభలకు పిలిచి శాలువాలు కప్పుతున్నారు. మైకు అందగానే ఆ 'అంతర్లీన వేదన' మళ్లీ నాలుక మీదికొస్తుంది, ముందు వరుసలో ఎవరో ఆవులిస్తారు. అప్పుడు ఆగి, నీళ్లు తాగి, మొదటి పాదం ఒక్కటే చదువుతాను. ఆ మెట్లు దిగిన పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆమె పడ్డంత గర్వం మళ్లీ ఏ శాలువా కప్పించుకున్నా నాకు రాలేదు.