గడ్డి కింద సైన్యం

బడిలో చైనీస్ నేర్చుకుంటున్న మా అమ్మాయి ఒకసారి నాకు ఆ అక్షరాల గుట్టు విప్పింది. చాలావాటిలో ఒక ముక్క అర్థం చెబుతుందట, ఇంకో ముక్క ఎలా పలకాలో చెబుతుందట. అమ్మ అనే అక్షరంలో ఆడమనిషి పక్కన గుర్రం ఉంటుంది. ఆడమనిషి అర్థానికి, గుర్రం ‘మా’ అనే శబ్దానికి. వారం తిరక్కుండానే నేను సింగపూర్‌లో మేముండే బెడోక్‌లోని బోర్డులన్నీ మా ఆయనకి వివరించడం మొదలుపెట్టాను.

అప్పుడే మా అత్తగారు వచ్చారు. ఆవిడ మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. ఎదురు ఫ్లాట్ చైనీస్ వాళ్లు మనవడికి నెల నిండిందని మమ్మల్ని భోజనానికి పిలిచారు. మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద శాకాహారానికొకటి, మాంసానికొకటి, రెండు బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. వంటలన్నీ సాసులో మునిగి ఏది ఏమిటో పోల్చుకోలేకుండా ఉన్నాయి. మొదటి అక్షరం అడుగున దారం గుర్తు ఉంది. దారం తింటామా అని వదిలేశాను. రెండో అక్షరం నెత్తిన గడ్డి, కింద సైన్యం. గడ్డి అంటే కూరగాయలే, సైన్యం ఉత్త శబ్దానికిలే అనుకుని అత్తగారికి ప్లేటు నిండా వడ్డించాను.

ఆవిడ నోట్లో పెట్టుకోబోతుంటే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి సింగపూర్ ఇంగ్లీషులో అరిచింది. "నానమ్మా, డోంట్ ఈట్! దట్ వన్ మీట్ టేబుల్ లా!"

"మరి నెత్తిన గడ్డి ఎందుకుందే?" అన్నాను, తప్పంతా అక్షరానిదే అన్నట్టు.

అమ్మాయి ఫోన్‌లో వెతికింది. పూర్వం ఆ అక్షరానికి ఉల్లి, వెల్లుల్లి లాంటివని అర్థమట. వాళ్ల బౌద్ధ సన్యాసులు వాటిని ముట్టరట. మాంసం అనే అర్థం తర్వాత వచ్చి చేరిందట.

పెళ్లయినప్పటినుంచీ ఉల్లి, వెల్లుల్లి విషయంలో ఆవిడది చాదస్తమని కొట్టిపారేస్తున్నది నేనే. అత్తగారు ప్లేటు పక్కన పెట్టి, తాపీగా చేతులు తుడుచుకున్నారు.

"చైనావాళ్లకి కూడా తెలుసమ్మా. నీకే తెలీదు."